సెలవు వేళల శాస్త్రజ్ఞుడు : సర్ సి.వి. రామన్

ఏటేటా ఏప్రిల్ మాసాంతంలో మన కళాశాలలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష ముగిసిన సాయంత్రం అటెండరు ప్రయోగశాల బీరువాలకు తాళాలు వేస్తాడు. తాళపుచెవుల గుత్తిని ఆఫీసులో అప్పగించి రిజిస్టరులో సంతకం చేస్తాడు. ఇక జూన్ వరకు ఆ గాజు కుప్పెలకు, త్రాసులకు దుమ్మే తోడు. విద్యార్థులు ఎక్కడివారక్కడికి వెళ్ళిపోతారు. కొందరు తండ్రిగారి దుకాణంలో కూర్చుంటారు, కొందరు మెకానిక్ షాపులో పానా పట్టుకుంటారు, విద్యార్థినులలో చాలామంది కుట్టుమిషను ముందు కూర్చుంటారు. ఆ పనులలో చిన్నతనం ఏమీ లేదు. ఇంటికి ఆసరా అయ్యే పని ఏదైనా గౌరవమైనదే. అయితే ఆ రెండు మాసాలలో ఒక్క గంటయినా తమ చదువుకు సంబంధించిన పరికరాన్ని ముట్టుకునే అవకాశం వారికి ఉండదు గదా అన్న చింత మమ్మల్ని కొన్ని సంవత్సరాలుగా వెన్నాడుతున్నది. ఆ చింతతోనే ఈ సంచిక కోసం ఒక మహనీయుని జీవితాన్ని ఎన్నుకున్నాము. పగలంతా సర్కారు వారి జమాఖర్చులు చూసి, తెల్లవారుజామున, సాయంకాలం, ఆదివారం, అనగా లోకులందరూ తీరిక అని పిలిచే వేళలలో పది సంవత్సరాలు శాస్త్ర పరిశోధన సాగించిన వ్యక్తి ఆయన. ఆయనే సర్ చంద్రశేఖర వెంకటరామన్.

మేము తెలుగు చెప్పేవారము. భౌతికశాస్త్రం మా బోధనాంశం కాదు. ఆ శాఖలోని మిత్రులు ఓపికతో చెప్పగా మాకు బోధపడినంతవరకే ఇక్కడ వ్రాస్తున్నాము. కనుక కాంతి పరిక్షేపణ సిద్ధాంతాన్ని ఈ వ్యాసంలో వెతికే విజ్ఞాన విద్యార్థికి కొంత నిరాశ తప్పదు. మేము చెప్పదలచినది వేరు. ఏ తలుపులు తెరచి ఉండడం వల్ల ఆయన శాస్త్రజ్ఞుడైనాడు, తరువాత ఆయన ఎవరికోసం తలుపులు తెరచినాడు, ఎవరి ముందు మూయబోయినాడు అన్నదే మా విషయం.

రామన్ 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపంలోని తిరువానైక్కావల్‌లో జన్మించారు. తల్లి పార్వతి అమ్మాళ్. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఉపాధ్యాయ వృత్తిలోనివారు. 1892లో ఆయనకు విశాఖపట్టణంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాలు బోధించే ఉద్యోగం లభించగా కుటుంబం అక్కడికి తరలివచ్చింది. ఆ విధంగా నోబెల్ బహుమతి గ్రహీత బాల్యం మన తెలుగు సముద్రతీరంలో గడిచింది. అక్కడి సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదకొండవ ఏటనే మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులైనారు. పదమూడవ ఏట ఎఫ్.ఏ. ముగిసింది. ఇంటినిండా తండ్రిగారి పుస్తకాలు. బడిలో చెప్పనిదాన్ని ఇంట్లో చదువుకునే అదృష్టం ఆ బాలునికి దక్కింది. ఈ అదృష్టం అందరికీ ఉండదు. గొప్పవారి చరిత్రలు వ్రాసేటప్పుడు ఆ ఇంటి పుస్తకాల బీరువాను మరచిపోయి, అంతా పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని చెప్పడం మనకు అలవాటయింది.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1904లో బి.ఏ.లో ప్రథముడుగా నిలిచి బంగారు పతకాలు పొందారు. ఎం.ఏ. చదువుతున్న రోజులలో జరిగిన ఒక సంగతి విద్యార్థులు గమనించదగినది. ప్రయోగశాలలో పట్టకపు కోణం కొలిచే మామూలు ప్రాక్టికల్ చేస్తూ ఉండగా కాంతి పట్టీలు ఇరువైపులా సమానంగా లేకపోవడం ఆయన కంట పడింది. రికార్డు పుస్తకంలో కోణం వేసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోవడం సులభం. ఆయన అలా వెళ్ళలేదు. ఆ తేడా ఎందుకు వచ్చిందో తేల్చుకునేదాకా అదే బల్ల దగ్గర నిలబడ్డారు. ఆ పరిశీలనను వ్యాసంగా వ్రాసి లండన్ నుండి వెలువడే ఫిలసాఫికల్ మాగజైన్‌కు పంపగా 1906 నవంబరు సంచికలో అది అచ్చయింది. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిది. ఆ కళాశాల అధికారులు తరగతి హాజరు విషయంలో ఆయనను ఒత్తిడి చేయకుండా ప్రయోగశాలలో స్వేచ్ఛగా తిరగనిచ్చారని జీవితచరిత్రకారులు చెబుతారు. హాజరు పట్టీలు నింపే మావంటి వారికి ఇది కొంత ఇబ్బంది కలిగించే వాక్యమే అయినా వ్రాయక తప్పదు.

పై చదువులకు ఇంగ్లండు పంపాలన్న ఆలోచన వచ్చింది గాని, మదరాసు సివిల్ సర్జన్ పరీక్షించి, ఈ బలహీన శరీరం అక్కడి చలికి తట్టుకోలేదని తేల్చారు. నాడు శాస్త్రం చదివిన భారతీయ యువకునికి శాస్త్రంలో ఉద్యోగం దాదాపు లేదు. అందువల్ల రామన్ ఆర్థికశాఖ పోటీ పరీక్ష వ్రాశారు, అందులోనూ ప్రథములుగా వచ్చారు. 1907లో లోకసుందరితో వివాహమయింది. అదే సంవత్సరం కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా ఉద్యోగంలో చేరారు. పందొమ్మిదేళ్ళు నిండకముందే మంచి జీతం, మంచి హోదా. చాలామంది కథ ఇక్కడితో సుఖాంతమవుతుంది.

కలకత్తాలోని బౌబజారు వీధి 210వ నంబరులో ఒక పాత భవనం ఉండేది. దాని పేరు ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్. దాని పుట్టుక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే ఈ కథే లేదు. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు, భారతీయులు తమ చేతులతో తాము శాస్త్రప్రయోగాలు చేసుకునే స్థలం ఒకటి ఉండాలని తలచి, ఏళ్ళ తరబడి చందాలు పోగుచేసి 1876లో దానిని స్థాపించారు. జమీందారులు ఇచ్చారు, వ్యాపారులు ఇచ్చారు. మన విజయనగరం మహారాజు ఇచ్చిన విరాళంతో అక్కడ ఒక ప్రయోగశాల వెలసి విజయనగరం ప్రయోగశాల అనే పేరుతో నిలిచింది. భవనం ఉన్నది, ఉపన్యాసశాల ఉన్నది, పరికరాలు ఉన్నవి. లేనిదల్లా పరిశోధించే మనిషి. అక్కడ ప్రసంగాలు జరిగేవి, ప్రజలు విని వెళ్ళేవారు. స్థాపకుడు తన కల నెరవేరలేదన్న దిగులుతోనే 1904లో కన్నుమూశారు. కుమారుడు అమృతలాల్ సర్కార్ తండ్రి బాధ్యతను స్వీకరించి ఆ తలుపులు మూతపడకుండా కాపాడుతూ వచ్చారు.

ట్రాములో ఆఫీసు నుండి వస్తూ రామన్ ఆ భవనం పేరుపలకను చూసి దిగి లోనికి వెళ్ళారని చెప్పుకుంటారు. డిగ్రీ అడగలేదు, దరఖాస్తు ఫారం అడగలేదు, ఎవరి సిఫారసు అని అడగలేదు. తాళపుచెవి ఇచ్చారు. అశుతోష్ డే అనే సహాయకుడు, కాలేజీ గడప తొక్కని మనిషి, ఆనాటి నుండి చాలా ఏళ్ళపాటు రామన్ పరిశోధనలకు కుడిభుజంగా నిలిచారు. అశూబాబు అని ఆయనను పిలిచేవారు.

ఆ తరువాత రామన్ దినచర్య ఈ విధంగా సాగింది. ఉదయం అయిదున్నరకు అసోసియేషన్‌కు చేరేవారు. తొమ్మిదిన్నర దాటాక ఇంటికి పరుగెత్తి స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, ఆఫీసుకు పోయేవారు. సాయంత్రం అయిదింటికి ఆఫీసు నుండి సరాసరి మళ్ళీ అసోసియేషన్‌కే. రాత్రి తొమ్మిదిన్నరకో పదింటికో ఇల్లు. ఆదివారం పొద్దంతా అక్కడే. తరువాత ఆ భవనానికి ఆనుకొని ఉన్న ఇంట్లోకే మారి, నడుమ ఒక తలుపు పెట్టించుకుని ఏ వేళనైనా లోనికి పోయే వీలు కల్పించుకున్నారు. ఆ తలుపు ఇవతల ఒక ఇల్లాలు కూర్చుని ఎన్ని సాయంకాలాలు ఎదురుచూచిందో ఏ శాస్త్ర పత్రికలోనూ అచ్చు కాలేదు.

మన ఉర్దూ విభాగపు మిత్రులు షౌక్ అనే మాట వాడుతూ ఉంటారు. తెలుగులో దానికి సరియైన మాట వెతికి మేము అలసిపోయాము. అభిరుచి అంటే చప్పగా ఉంటుంది, వ్యసనం అంటే మోతాదు మించుతుంది. జీతం ఇవ్వకపోయినా, ఎవరూ మెచ్చుకోకపోయినా, మనిషిని తెల్లవారకముందే లేపి నడిపించేది షౌక్. మధ్యలో 1909లో రంగూన్‌కు, 1910లో నాగపూరుకు బదిలీ అయితే ఆయన ఇంటిలోనే ప్రయోగాలు సాగించారు. 1911లో మళ్ళీ కలకత్తా వచ్చారు. తంతివాద్యాల నాదం మీద, వీణ, మృదంగం, తబలాల ధ్వని మీద ఆయన ఏళ్ళ తరబడి కృషి చేశారు. మృదంగం, తబలా మూతల మధ్యనున్న నల్లని పూత వల్లనే ఆ నాదం అంత శ్రావ్యంగా పలుకుతుందని శాస్త్రీయంగా నిరూపించారు. గెజిటెడ్ ఉద్యోగం చేస్తూనే 1917 నాటికి ఇరవైకి పైగా పరిశోధన పత్రాలు వెలువడినవి.

ఆ సంవత్సరం కలకత్తా విశ్వవిద్యాలయపు సర్ అశుతోష్ ముఖర్జీ ఆయనను పాలిత్ ఆచార్య పదవికి ఆహ్వానించారు. ఆ పదవికి విదేశాలలో శిక్షణ పొందాలన్న నిబంధన ఉండేది. రామన్ అందుకోసం విదేశాలకు వెళ్ళనన్నారు. నిబంధనే సడలింది. జీతం దాదాపు సగానికి పడిపోయినా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చేశారు. 1919లో అమృతలాల్ మరణించగా అసోసియేషన్ గౌరవ కార్యదర్శి బాధ్యత కూడా ఆయన మీదనే పడింది. ఇప్పుడు తాళపుచెవి ఆయన చేతికి వచ్చింది.

ఆ తాళపుచెవిని ఆయన ఎలా వాడారన్నదే మాకు ముఖ్యంగా తోచిన విషయం. దేశంలో నలుమూలల నుండి యువకులు బౌబజారుకు రాసాగారు. అందరూ పూర్తికాలపు పరిశోధకులు కారు. కొందరు విద్యార్థులు, కొందరు చిన్న కాలేజీలలో అధ్యాపకులు. తమ ఊరి కాలేజీలో పరికరాలు లేనివారు, సెలవులలో మాత్రమే తీరిక దొరికేవారు. మిగిలిన భవనాలన్నీ తాళం వేసుకునే వేసవిలో ఈ భవనం కళకళలాడేది.

1921లో రామన్ మొదటిసారి విదేశయాత్ర చేశారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా అనే ఓడ మీద మధ్యధరా సముద్రపు నీలిమను చూశారు. ఆకాశపు రంగు నీటిలో ప్రతిబింబించడం వల్లనే సముద్రం నీలంగా ఉంటుందని లార్డ్ రేలీ అంతటి పండితుడు చెప్పి ఉన్నాడు. రామన్ జేబులోని చిన్న నికోల్ పట్టకాన్ని కంటికి అడ్డుపెట్టుకుని ప్రతిబింబించే కాంతిని ఆపివేసి చూడగా నీలిమ పోలేదు సరిగదా మరింత నిగ్గు తేలింది. అంటే ఆ రంగు నీటి అణువులే కాంతిని చెదరగొట్టడం వల్ల వస్తున్నది. ఓడ బొంబాయి చేరగానే ఆ సంగతి వ్రాసి పత్రికకు పంపారు. విశాఖ తీరంలో ఆడుకున్న బాలునికి సముద్రం మీద ప్రశ్న ఎప్పుడు పుట్టిందో మనకు తెలియదు గాని, సమాధానం ముప్పైమూడవ ఏట దొరికింది.

ఇక ఆనాటి నుండి ద్రవాలలో కాంతి ఎలా చెదురుతుందన్నదే బౌబజారులో నిత్యకృత్యమయింది. ఇక్కడ ముగ్గురిని గురించి చెప్పాలి.

మొదటివారు కె.ఆర్. రామనాథన్. తిరువనంతపురంలో పనిచేసి కలకత్తా వచ్చి, తరువాత రంగూన్‌లో అధ్యాపకులైన ఆయన, సెలవులు వచ్చినప్పుడల్లా ఓడ ఎక్కి బౌబజారుకు వచ్చేవారు. 1923లో, శుద్ధి చేసిన నీటిగుండా కాంతిని పంపి పరిశీలిస్తూ ఉండగా, పంపిన రంగుకు భిన్నమైన రంగు ఒకటి చాలా మందంగా కనిపించింది. నీటిలో ఏదో మలినం ఉన్నదని తలచి మళ్ళీ మళ్ళీ శుద్ధి చేశారు. ఎంత శుద్ధి చేసినా అది పోలేదు. అయిదేళ్ళ తరువాత ప్రపంచం తెలుసుకోబోయే సత్యం ఒక వేసవిలో ఆ విధంగా మొదటిసారి తొంగిచూసింది.

రెండవవారు కె.ఎస్. కృష్ణన్. ఈయన మదరాసు క్రైస్తవ కళాశాలలో రసాయనశాస్త్ర డిమాన్‌స్ట్రేటరుగా ఉండగా మధ్యాహ్న భోజన విరామంలో ఒక గోష్ఠి నడిపేవారు. భౌతిక, రసాయన, గణితశాస్త్రాలలో ఎవరు ఏ ప్రశ్న అడిగినా చర్చ జరిగేది. ఇతర కాలేజీల నుండి కూడా విద్యార్థులు వచ్చి కూర్చునేవారట. ఒక గది, అరగంట తీరిక, చెప్పాలన్న మనస్సు తప్ప దానికి మరే ఖర్చూ లేదు. ఆయన 1923లో రామన్ వద్ద చేరారు.

మూడవవారు ఎస్. వెంకటేశ్వరన్. ఈయన పేరు పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించదు. కలకత్తా సమీపంలోని అలీపూరులో ప్రభుత్వ పరీక్షాలయంలో రసాయనిక ఉద్యోగి. పూర్వం రామన్ వచ్చినట్లే, ఆయన కూడా ఉద్యోగం ముగిసిన తరువాతనూ, సెలవు దినాలలోనూ అసోసియేషన్‌కు వచ్చి పనిచేసేవారు. 1928 జనవరిలో గ్లిసరిన్ ద్వారా వడపోసిన సూర్యకాంతిని పంపగా చెదరిన కాంతి నీలంగా కాక ఆకుపచ్చగా కనిపించింది. రామన్‌కు ఆశ మేల్కొన్నది. అయితే అది పట్టపగలు సూర్యకాంతిలో చేయవలసిన పని, వెంకటేశ్వరన్‌కు దొరికేవి సెలవు దినాలు మాత్రమే. అందుచేత ఫిబ్రవరి మొదటి వారంలో ఆ పనిని కృష్ణన్‌కు అప్పగించారు. కృష్ణన్ అనేక ద్రవాలను ఒకదాని తరువాత ఒకటి పరీక్షించారు. అన్నింటిలోనూ రంగు మారిన కాంతి కనిపించింది. ఇద్దరి పేర్లతో ఫిబ్రవరి 16న నేచర్ పత్రికకు లేఖ వెళ్ళింది. ఫిబ్రవరి 28న పాదరస దీపపు కాంతిని ఉపయోగించి వర్ణపటదర్శినిలో చూడగా, లోనికి పంపిన రేఖకు పక్కన కొత్త రేఖలు విడివిడిగా స్పష్టంగా నిలిచి ఉన్నవి. ఒకే రంగు కాంతిని ఒక పదార్థంలోకి పంపితే అందులో అత్యల్పభాగం రంగు మారి బయటకు వస్తుంది. ఆ మార్పును బట్టి ఆ పదార్థపు అణువుల స్వభావాన్ని చెప్పవచ్చు. స్థూలంగా రామన్ ఫలితమంటే ఇదేనని మా మిత్రులు చెప్పారు. అదే కాలంలో మాస్కోలో లాండ్స్‌బర్గ్, మాండెల్‌స్టామ్ అనే శాస్త్రజ్ఞులు స్ఫటికాలలో ఇదే విషయాన్ని గమనించారు, కాని ప్రకటనలో కలకత్తా ముందు నిలిచింది.

ఒక కటకం, కొన్ని రంగు ఫిల్టర్లు, ఒక చిన్న వర్ణపటదర్శిని: మొత్తం సామగ్రి విలువ కొన్ని వందల రూపాయలకు మించదని చెప్పుకుంటారు. మన బీరువాలలో తాళం వేసి ఉన్నవాటి విలువ ఇంతకంటే ఎక్కువే.

ఆ సంవత్సరపు వేసవిలో బౌబజారుకు ఒక పదిహేడేళ్ళ కుర్రవాడు వచ్చాడు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆనర్సు విద్యార్థి, రామన్ అన్నగారి కుమారుడు, పేరు చంద్రశేఖర్. ప్రయోగాల పని ఆయన చేతికి అచ్చిరాలేదు. అయినా కొత్త విషయం కనుగొన్న ప్రయోగశాలలోని ఆ ఉత్సాహం మధ్య ఆ సెలవులు గడిపాడు, నక్షత్రాల అంతర్భాగం గురించి ఎడింగ్టన్ వ్రాసిన గ్రంథం చదివాడు. మదరాసు తిరిగి వెళ్ళిన కొన్ని నెలలకు జర్మనీ నుండి సోమర్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు ఉపన్యాసానికి వచ్చాడు. కుర్రవాడు హోటలుకు వెళ్ళి ఆయనను కలుసుకుని, మీ పుస్తకం చదివానని చెప్పాడు. ఆ పుస్తకంలోని భౌతికశాస్త్రం అప్పటికే పాతబడిందని ఆయన చెప్పి, ఇంకా అచ్చుకాని తన వ్యాసపు ప్రూఫులు చేతికిచ్చాడు. మరుసటి సంవత్సరం ఆ విద్యార్థి వ్రాసిన వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 1983లో చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. పినతండ్రి ప్రయోగశాల అందుబాటులో ఉండడం ఆయనకు కలిసివచ్చిన సంగతిని మేము దాచడం లేదు. పినతండ్రి లేని విద్యార్థి ఎక్కడికి వెళ్ళాలన్నదే కదా అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబుగా ఒక తెలుగు యువకుని కథ ఉన్నది. సూరి భగవంతం కృష్ణా మండలంలో పుట్టి హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివారు. చుట్టరికం లేదు, సిఫారసు లేదు. ఇరవై ఏళ్ళు నిండకముందే, 1928లోనే, కలకత్తా వెళ్ళి రామన్ వద్ద చేరారు. కొద్ది సంవత్సరాలలోనే గురువుతో కలిసి పత్రాలు ప్రచురించారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా పనిచేశారు. మన రాష్ట్రాలలో భౌతికశాస్త్ర బోధన ఆ శిష్యునికి ఎంత ఋణపడి ఉన్నదో ఆ శాఖవారు వేరే వ్యాసంలో వ్రాయాలి.

1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది. విజ్ఞానశాస్త్రాలలో ఆ గౌరవం పొందిన మొదటి ఆసియా వాసి ఆయనే. అంతకుముందే సర్ బిరుదు వచ్చింది, 1954లో భారతరత్న వచ్చింది. ఈ బిరుదుల పట్టిక అన్ని పుస్తకాలలోనూ ఉంటుంది కనుక మేము విస్తరించడం లేదు.

1933లో ఆయన బెంగుళూరు వెళ్ళి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టరైనారు. ఇక్కడ మనం ఇష్టంగా చెప్పలేని ఒక అధ్యాయం ఉన్నది. ఆ సంవత్సరమే కమలా భగవత్ అనే యువతి, బొంబాయిలో బి.ఎస్సీ.లో ఉన్నతశ్రేణిలో ఉత్తీర్ణురాలై, పరిశోధనకు దరఖాస్తు పెట్టుకున్నది. ఆడపిల్ల అన్న ఒకే కారణంతో రామన్ తిరస్కరించారు. ఏ భవనంలోకి తనను డిగ్రీ అడగకుండా రానిచ్చారో ఆ సంగతి ఆయనకు అప్పుడు గుర్తు రాలేదు కాబోలు. ఆ యువతి బెంగుళూరు వచ్చి ఆయన ఎదుట నిలిచి, కారణం చెప్పమని అడిగింది, వెనుదిరగలేదు. చివరకు ఒక సంవత్సరం పరీక్షాకాలమనీ, ఆమె పనితో తాను తృప్తిపడేవరకు దానికి గుర్తింపు ఉండదనీ, మగ పరిశోధకుల ఏకాగ్రతకు భంగం కలుగరాదనీ షరతులు పెట్టి చేర్చుకున్నారు. సంవత్సరం గడిచాక ఆయన తృప్తిపడ్డారు, ఆ తరువాత స్త్రీలకు ప్రవేశం ఇచ్చారు. ఆమె కేంబ్రిడ్జిలో 1939లో డాక్టరేటు పొంది కమలా సొహోనీగా ప్రసిద్ధురాలైనారు. ఆ అవమానాన్ని ముసలితనంలో కూడా మరువలేదని ఆమె చెప్పుకున్నారు. తరువాత 1940లో చేరిన అన్నా మాణి రామన్ వద్ద వజ్రాలు, కెంపుల కాంతి మీద పనిచేశారు. ఒక్కొక్క ఛాయాచిత్రానికి పదిహేను, ఇరవై గంటలు పట్టేది. ప్రయోగశాలలోనే నిద్రించిన రాత్రులు ఉన్నవి. అయిదు పత్రాలు ప్రచురించినా, ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంతో విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె తరువాత వాతావరణశాఖలో చేరి, దేశం తన వాతావరణ పరికరాలను తానే తయారుచేసుకునే స్థితికి తెచ్చినవారిలో ముఖ్యురాలైనారు.

మహనీయుల చరిత్రలో ఇటువంటివి వ్రాయవచ్చునా అని కొందరు పెద్దలు మమ్మల్ని అడగవచ్చు. మన కళాశాల విద్యార్థినులు ఈ సంచికను చదువుతారు. వారికి రామన్ పొందిన తాళపుచెవి కథ మాత్రమే చెప్పి, కమల ఎదుట పెట్టిన షరతుల కథ దాచితే, మా కలం సగమే నిజం వ్రాసినట్లవుతుంది.

బెంగుళూరులో ఆయన రోజులు నిశ్చింతగా గడవలేదు. కలకత్తాలో తాను పెంచిన అసోసియేషన్‌తో సంబంధం వివాదాల మధ్య తెగిపోయింది. ముక్కుసూటితనం, ముందూ వెనుకా చూడని మాట ఆయనకు శత్రువులను తెచ్చిపెట్టినవి. 1937లో డైరెక్టరు పదవిని వదలుకుని 1948 వరకు ఆచార్యులుగా మాత్రమే కొనసాగారు. పదవీ విరమణ చేసే నాటికి తన సొంత సంస్థను, రామన్ రిసెర్చి ఇన్‌స్టిట్యూట్‌ను, సిద్ధం చేసుకున్నారు. దానికోసం ఆయన కూడా మహేంద్రలాల్ సర్కార్ వలెనే ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేయవలసి వచ్చింది. ప్రభుత్వ ధనానికి చేయి చాచడం ఆయనకు ఇష్టం లేదు. అక్కడ రత్నాలు, ఖనిజాలు, సీతాకోకచిలుకలు సేకరించి ఉంచారు. బడిపిల్లలు వస్తే తానే తిప్పి చూపేవారు. ప్రతి అక్టోబరు 2న గాంధీ స్మారకోపన్యాసం ఇచ్చేవారు. పువ్వుల రంగుల మీద, కంటిచూపు మీద చివరిదాకా పరిశోధిస్తూనే ఉన్నారు. 1970 నవంబరు 21న ఆయన తుదిశ్వాస విడిచారు. ఆ సంస్థ తోటలోనే అంత్యక్రియలు జరిగినవి. సమాధి కట్టలేదు. ఆ చోట ఒక చెట్టు నాటారు.

1987 నుండి ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాము. మన కళాశాలలోనూ ఆ రోజున ప్రదర్శన ఏర్పాటవుతుంది, తినుబండారాలు పంచుతారు, ప్రయోగశాల సాయంత్రం అయిదింటికి మూతపడుతుంది. కార్యవర్గం పెద్దలకు మేము ఒక విన్నపం చేసుకుంటున్నాము. వేసవిలో వారానికి మూడు రోజులు, ఉదయం రెండు గంటలైనా ఆ గది తెరచి ఉంచే ఏర్పాటు చేయండి. తాళపుచెవికి బాధ్యులుగా ఉండడానికి విజ్ఞానశాఖ మిత్రులు ఇద్దరు ఒప్పుకున్నారు. వారు రాని రోజున ఈ తెలుగు అధ్యాపకుడు వచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

రామన్ 1934లో బెంగుళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి, వేసవిలో రెండు మాసాలు పేరుపొందిన ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞుల వద్ద పనిచేయడానికి సహాయ వేతనాలు ఇస్తూ వచ్చింది. దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే పిలుస్తారు, వేసవి వచ్చాక అడిగితే గడువు దాటిపోయి ఉంటుంది. అందులో విద్యార్థులకు ఒక భాగం ఉన్నది. ఆనాడు రంగూన్ నుండి ఓడ ఎక్కి వచ్చిన రామనాథన్ వంటి కాలేజీ అధ్యాపకులకు కూడా ఒక భాగం ఉన్నది.